ఆయన మరణించి తిరిగి రాలేదు

ఈ నెల శీర్షికకు వచ్చిన లేఖలలో ఒకదానికి మాత్రమే సమాధానం వ్రాస్తున్నాను. అందులోని ప్రశ్నలు అనేకం, వాటి వెనుక ఒక కుటుంబపు కన్నీరు ఉంది. వ్రాసినది ఒక గృహిణి. పేరు, ఊరు ఇక్కడ అనవసరం. ఆమె భర్త యాభై దాటిన వ్యక్తి. వారి మొహల్లా మస్జిదులో ఏళ్ళ తరబడి అజాన్ ఇస్తున్నారు. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన మూడవ రోజు రాత్రి వార్డులోనే ఆయన గుండె ఆగిపోయింది. వైద్య సిబ్బంది ఛాతీ నొక్కి, శ్వాస అందించి, కొన్ని నిమిషాలలో గుండె మళ్ళీ కొట్టుకొనేలా చేయగలిగారు. తర్వాత ఐ.సి.యు.లో వెంటిలేటర్ పెట్టారు. మత్తుమందు మరుసటి రోజే ఆపినా ఆయనకు తెలివి రాలేదు. మూడవ రోజున బంధువులు కొందరు, "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోదాం, కలిమా వింటూ పోతాడు" అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అయిదవ రోజున ఆయన కళ్ళు తెరిచారు. అల్‌హమ్‌దులిల్లాహ్. ఇప్పుడు ఇంటికి చేరి రెండు నెలలు దాటింది.

అసలు కష్టం ఇంటికి వచ్చాకే మొదలైందని ఆమె వ్రాశారు. "చనిపోయి లేచిన మనిషి" అంటూ ఊరంతా ఆయనను చూడడానికి వస్తున్నారట. వచ్చిన ప్రతివారూ, "అక్కడ ఏం చూశారు భాయ్? ఫరిష్తాలు కనిపించారా?" అని అడుగుతున్నారట. మరణంతో నికాహ్ ముగిసిపోయింది కనుక మళ్ళీ నికాహ్ చదివించుకోవాలని ఒక పెద్దావిడ చెప్పిందట. ఇదిలా ఉండగా ఆయన జుహర్ నమాజు చేసిన అరగంటకే మళ్ళీ వుజూకు లేస్తున్నారు. రకాతుల లెక్క తప్పుతోంది. బాల్యం నుండి నోటికి వచ్చిన సూరాలు సగంలో ఆగిపోతున్నాయి. ఎన్నడూ గొంతు పెంచని మనిషి పిల్లల మీద కసురుకుంటున్నారు. ఇది చూసి అత్తగారు, "అల్లాహ్ రెండో జీవితం ఇస్తే షుక్ర్ చేయడం పోయి నమాజులోనే పరధ్యానమా, ఈమాన్ బలహీనపడింది" అని బాధపడుతున్నారు. భర్త అన్నగారు మాత్రం దుకాణం కాగితాల మీద తమ్ముడి సంతకం కోసం రెండు సార్లు వచ్చి వెళ్ళారు.

మొదట ఆ పెద్దావిడ మాట సంగతి చూద్దాం. నికాహ్ చెక్కుచెదరలేదు. మళ్ళీ చదివించవలసిన అవసరం లేదు, ఇద్దత్ ప్రసక్తి లేదు, వారసత్వం ప్రశ్న అసలే తలెత్తదు. కారణం ఒక్కటే: ఆయన మరణించలేదు. షరీఅత్ దృష్టిలో మరణమంటే ఆత్మ దేహాన్ని వీడిపోవడం. గుండె నిలిచిపోవడం దానికి ఒక చిహ్నం మాత్రమే. ఆ చిహ్నం ఎప్పుడు నిశ్చయమవుతుందన్నది వేరే విషయం. పూర్వపు ఫుఖహా సైతం ఆకస్మికంగా పడిపోయిన వ్యక్తి విషయంలో మరణం నిశ్చయమయ్యేదాకా ఖననానికి తొందరపడవద్దని వ్రాశారు. మన కాలంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1986 అక్టోబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జరిగిన మూడవ సమావేశంలో ఈ అంశంపై తీర్మానం చేసింది. గుండె, శ్వాస పూర్తిగా ఆగిపోయి, అవి ఇక తిరిగి రావని వైద్యులు నిర్ధారించినప్పుడు ఆ వ్యక్తిని మృతునిగా పరిగణించాలన్నది అందులో మొదటి అంశం. మెదడు మరణానికి సంబంధించిన రెండవ అంశంపై విద్వాంసుల మధ్య చర్చ ఇప్పటికీ ఉంది గాని, మన ప్రశ్నకు మొదటిదే చాలు. తిరిగి రానిది అన్న షరతును గమనించండి. ఈ సోదరి భర్త గుండె నిమిషాలలోనే తిరిగి కొట్టుకుంది. కనుక ఆయన తీవ్రమైన జబ్బు పడి కోలుకుంటున్న రోగి. "చనిపోయి లేచాడు" అన్న మాటను ఆ ఇంట్లో ఎవరూ వాడకూడదని నా కోరిక. ఆ మాట నుండే మిగతా అపోహలన్నీ పుట్టాయి.

ఇక ఆ నిమిషాలలో ఏం జరిగిందో తెలుసుకోవడం అవసరం. గుండెపోటు, గుండె ఆగడం ఒకటి కావు. గుండెపోటులో గుండె కండరానికి రక్తం అందదు, అయినా చాలాసార్లు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. గుండె ఆగినప్పుడు శరీరమంతటికీ రక్తప్రసరణ నిలిచిపోతుంది. ఆసుపత్రిలో ఉన్న రోగికి ఇలా జరగడానికి గుండె జబ్బే కారణం కానక్కరలేదు. ఊపిరితిత్తులు పనిచేయకపోవడం, సెప్సిస్, రక్తపోటు పడిపోవడం వంటివి కూడా దీనికి దారితీస్తాయి. అనేకసార్లు కొన్ని గంటల ముందే సూచనలు కనిపిస్తాయి: శ్వాస వేగం పెరుగుతుంది, బి.పి. తగ్గుతుంది, రోగి మాట తడబడుతుంది. మంచం పక్కన కూర్చున్న అటెండెంటు ఇటువంటి మార్పు చూసినప్పుడు, "తెల్లారాక చెబుదాం" అనుకోకుండా వెంటనే నర్సును పిలవాలి.

ఛాతీ నొక్కే పద్ధతిని 1960లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు వైద్యలోకానికి పరిచయం చేశారు. వారిలో మొదటివాడు వైద్యుడు కాదు, విద్యుత్ ఇంజినీరు! వారు ప్రకటించిన 20 మంది రోగులలో 14 మంది బ్రతికారు. వారిలో పలువురు ఆపరేషన్ బల్ల మీద, వైద్యుల కళ్ళ ముందే గుండె ఆగినవారు. తర్వాత ఈ పద్ధతి వార్డులన్నింటికీ, నానా జబ్బుల వృద్ధులకూ విస్తరించినప్పుడు ఫలితాలు అంత బాగా లేవు. అమెరికాలో ఆసుపత్రుల పెద్ద నమోదు పట్టిక ప్రకారం, గుండె ఆగిన తర్వాత ప్రాణాలతో డిశ్చార్జి అయినవారు 2000లో 13.7 శాతం, 2009 నాటికి 22.3 శాతం. తర్వాతి లెక్కలలో అది సుమారు 25 శాతానికి చేరింది. అంటే నలుగురిలో ఒకరు. సినిమాలో హీరోకు ఒక షాక్ ఇవ్వగానే లేచి కూర్చుంటాడు. వాస్తవంలో షాక్‌కు లొంగే గుండె లయ ఆసుపత్రి రోగులలో అయిదుగురిలో ఒకరికి కూడా ఉండదు. మిగిలినవారికి ఛాతీ నొక్కడం, శ్వాస అందించడం, మందులు, అసలు కారణాన్ని సరిచేయడం, ఇవే మార్గం.

ఆ నొక్కడం కూడా సున్నితమైన పని కాదు. పెద్దవారికి నిమిషానికి 100 నుండి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. పక్కటెముకలు విరగడం సాధారణం. "మా వాడి ఎముకలు విరిచారు" అంటూ డాక్టర్ల మీదికి వెళ్ళేవారు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే మంచిది. రోగి స్త్రీ అయి, నొక్కేవాడు పరపురుషుడైతే ఎలా అని గతంలో ఒకరు అడిగారు. ప్రాణం నిలిపే అనివార్య స్థితిలో నిషేధానికి సడలింపు ఉంటుందన్నది ఫిఖ్హ్‌లో స్థిరపడిన సూత్రం. ఆ క్షణంలో మహిళా నర్సు కోసం వెతకనక్కరలేదు.

ఇక ఇంటికి తీసుకుపోదామన్న బంధువుల మాట. వారి మనసులో చెడు లేదు. ఆసుపత్రి బిల్లు రోజుకు ఎంత అవుతుందో నాకూ తెలుసు. అయినా ఆ తొందరపాటు సరికాదు. గుండె తిరిగి కొట్టుకున్నాక స్పృహ రాని రోగి విషయంలో మెదడు కోలుకుంటుందా లేదా అన్నది కనీసం 72 గంటలు గడవనిదే తేల్చకూడదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మత్తుమందు ప్రభావం ఇంకా మిగిలి ఉంటే మరింత ఆగాలి. అప్పుడైనా ఒక్క పరీక్షను బట్టి కాక, కంటిపాప స్పందన, మెదడు విద్యుత్ తరంగాలు, స్కానింగ్ వంటివాటిని కలిపి చూసి నిర్ణయిస్తారు. ఆ సోదరి పట్టుదలకు వైద్యశాస్త్రం మద్దతు పూర్తిగా ఉంది.

దీని మరో పార్శ్వం కూడా చెప్పాలి. ముదిరిన క్యాన్సర్‌తోనో, మరే కోలుకోలేని జబ్బుతోనో చివరి దశలో ఉన్న వృద్ధుని గుండె ఆగినప్పుడు, నొక్కవద్దనడం పాపమా? కాదు. సౌదీ అరేబియా ఫత్వాల శాశ్వత కమిటీ తన 12086వ ఫత్వాలో, నమ్మదగిన ముగ్గురు నిపుణ వైద్యులు ప్రయోజనం లేదని చెప్పినప్పుడు గుండెను తిరిగి ఆడించే ప్రయత్నం చేయకపోవడాన్ని అనుమతించింది. మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. 2020లో ఇటువంటి సందర్భాలకు మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ సంభాషణ రోగి మంచం పక్కన అర్ధరాత్రి కంగారులో కాక, ముందుగానే వైద్యునితో జరగాలి. న్యుమోనియాతో చేరిన, అప్పటిదాకా ఆరోగ్యంగా తిరిగిన మనిషి మాత్రం ఈ కోవలోకి రాడు.

"ఏం చూశారు?" అని అడిగేవారికి ఒక సమాచారం. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రియాలలోని 15 ఆసుపత్రులలో 2060 గుండె ఆగిన సందర్భాలను పరిశీలించి, డాక్టర్ సామ్ పర్నియా బృందం 2014లో ఫలితాలు ప్రచురించింది. బ్రతికి, వివరంగా మాట్లాడగలిగినవారు 101 మంది మాత్రమే. వారిలో సుమారు సగం మంది ఏ జ్ఞాపకమూ లేదన్నారు. మృత్యు సమీప అనుభవంగా చెప్పదగినవి సుమారు 9 శాతం. ఆ అనుభవాలు ఏమిటన్న దానిపై నేను తీర్పు చెప్పను. కాని వాటి నుండి బర్జఖ్ విషయాలను నిరూపించే ప్రయత్నం మనకు తగదు. అగోచర విషయాల పట్ల మన విశ్వాసం వహీ మీద నిలిచి ఉంది, ఐ.సి.యు. నుండి వచ్చినవారి సాక్ష్యం మీద కాదు. ఏమీ గుర్తులేని రోగిని పదేపదే అడిగితే రెండు ప్రమాదాలున్నాయి. తనకు ఏదీ కనిపించలేదంటే తన స్థితి చెడ్డదేమోనని ఆయన భయపడవచ్చు. లేదా అడిగేవారి తృప్తి కోసం లేనిది కల్పించవచ్చు. రోగిని పరామర్శించడం పుణ్యకార్యం. అయితే క్షణకాలం కూర్చుని, దుఆ చేసి, లేచి రావడం దాని మర్యాద.

అత్తగారి బాధ గురించి చెప్పవలసిందే నాకు అన్నింటికంటే ముఖ్యం. అమ్మా, మీ కుమారుని ఈమాన్‌కు ఏమీ కాలేదు. గాయపడింది మెదడు. రక్తం అందకపోతే కొన్ని నిమిషాలలోనే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. వాటిలోనూ కొత్త జ్ఞాపకాలను భద్రపరిచే భాగం అత్యంత సుకుమారమైనది. అందుకే అరగంట క్రితం చేసిన నమాజు గుర్తుండదు, ముప్పై ఏళ్ళ క్రితపు ముచ్చట మాత్రం గుర్తుంటుంది. గుండె ఆగి కోలుకున్నవారిపై జరిగిన అధ్యయనాలలో సుమారు సగం మందికి జ్ఞాపకశక్తిలోనో, ఏకాగ్రతలోనో, పనులను వరుసగా ఆలోచించి చేయడంలోనో లోపం కనిపించింది. వీటికి తోడు విపరీతమైన అలసట, నిద్రలో ఉలికిపాటు, దిగులు, చిరాకు ఉంటాయి. కాలు విరిగినవాడు కుంటితే ఎవరూ నిందించరు. ఇది పైకి కనిపించని కుంటి నడక.

ఇక్కడ డిశ్చార్జి కాగితాల భాష కూడా కొంత మోసం చేస్తుంది. వైద్యులు అయిదు మెట్ల కొలమానంతో రోగి మెదడు స్థితిని అంచనా వేస్తారు. అందులో మొదటి రెండు మెట్లను "మంచి ఫలితం" అంటారు. ఆసుపత్రిలో గుండె ఆగి బ్రతికి బయటపడిన అమెరికా రోగులలో సుమారు 85 శాతం ఈ మెట్లలోనే ఉన్నారు. వినడానికి గొప్పగా ఉంది. అయితే రెండవ మెట్టుకు అర్థం, తన పనులు తాను చేసుకోగలడని మాత్రమే. రకాతులు లెక్క పెట్టుకోగలడని, దుకాణం లెక్కలు చూడగలడని దాని అర్థం కాదు. "డాక్టర్లు బాగున్నాడన్నారు, ఇతనే నటిస్తున్నాడు" అన్న నింద ఈ అపార్థం నుండే పుడుతుంది.

నమాజు విషయంలో ఇంటివారికంటే షరీఅత్ ఎంతో దయ చూపుతుంది. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేయవచ్చని అందరికీ తెలుసు. రకాతులు, సజ్దాల లెక్క నిలుపుకోలేని రోగి ప్రస్తావన కూడా హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో ఉందన్నది చాలామందికి తెలియదు. మగతలో లెక్క తెలియని రోగిపై ఆ స్థితిలో నమాజు నెరవేర్చే భారం లేదన్నారు. పక్కన ఒకరు చెబుతుండగా నెరవేరిస్తే అది చెల్లుతుందని కూడా వ్రాశారు. కనుక ఇంట్లో కుమారుడో, భార్యో పక్కన కూర్చుని, "రెండో రకాతు అయింది" అని మెల్లగా గుర్తుచేయవచ్చు. గోడ మీద ఒక పలక పెట్టి, నమాజు పూర్తయిన ప్రతిసారీ ఆయన చేతనే ఒక గీత గీయించండి. రెండోసారి వుజూకు లేచినప్పుడు కసరకుండా పలక చూపితే చాలు. అయినా మళ్ళీ చేస్తానంటే నఫిల్‌గా చేసుకోనివ్వండి. అసర్, ఫజర్ తర్వాత మాత్రం సున్నితంగా ఆపండి. సూరాలు తప్పితే చిన్న సూరాలు చాలు. వాటిని పిల్లలతో కలిసి రోజుకు కొంత వల్లెవేయిస్తే మెదడుకు వ్యాయామం, మనసుకు ఊరట.

స్పృహ లేని రోజుల నమాజుల సంగతి: హనఫీ మతం ప్రకారం స్పృహ లేకపోవడం ఒక పగలు, ఒక రాత్రికి మించకుంటే తప్పిన నమాజులకు ఖజా చేయాలి, మించితే ఖజా లేదు. షాఫయీ మతంలో స్పృహ లేని కాలానికి ఖజా విధి కాదు. హైదరాబాదు బార్కస్ వంటి చోట్ల ఈ మతాన్ని అనుసరించేవారు ఉన్నారు. హంబలీలు ఖజా చేయాలంటారు. మత్తుమందు వలన స్పృహ పోయిన కాలానికి హనఫీ విద్వాంసుల చర్చ వేరుగా ఉంది. ఔషధం మనిషి చేతి పని కనుక అది దీర్ఘమైనా ఖజా ఉంటుందన్న అభిప్రాయం బలమైనదే. ఈ సోదరి భర్తకు మత్తు ఆపిన తర్వాత కూడా రోజుల తరబడి జబ్బు వల్లనే తెలివి రాలేదు కనుక ఆ రోజులకు ఖజా భారం లేదు. మత్తు ఇచ్చిన మొదటి రోజు నమాజులను జాగ్రత్త కోసం, ఓపిక వచ్చాక, నిదానంగా ఖజా చేసుకుంటే చాలు. ఇతరుల పరిస్థితి వేరుగా ఉంటే డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకుని దగ్గరలోని ముఫ్తీని కలవాలి.

అన్నగారికి గట్టిగానే చెప్పదలిచాను. బుద్ధి నిలకడగా లేని వ్యక్తి చేసే లావాదేవీలకు ఫిఖ్హ్‌లో ప్రత్యేక నియమాలున్నాయి. తనకు నష్టం కలిగించే ఒప్పందాన్ని అటువంటి వ్యక్తి చేత చేయిస్తే అది చెల్లదు. ఉదయం చెప్పింది సాయంత్రానికి మరచిపోయే తమ్ముని చేత దుకాణం కాగితాలపై సంతకం చేయించడం అమానతుకు విరుద్ధం. వైద్యుడు పరీక్షించి, ఆయన విషయం అర్థం చేసుకుని నిర్ణయించగలరని చెప్పేదాకా కాగితాలు బీరువాలోనే ఉంచండి. అత్యవసరమైతే మొహల్లా పెద్దలు ఇద్దరిని, భార్యను, వైద్యుని మాటను సాక్ష్యంగా పెట్టుకోండి. మస్జిదు కమిటీవారు కూడా ఈ నెలల్లో ఆయన జీతం ఆపకుండా ఉంటే బాగుంటుంది. కొంత తేరుకున్నాక, పక్కన ఒకరు నిలబడగా, రోజుకు ఒక అజాన్‌తో మొదలుపెట్టనివ్వండి.

కోలుకోవడం కూడా చికిత్సలో భాగమేనని వైద్యలోకం ఆలస్యంగా గుర్తించింది. గుండె ఆగినవారిని కాపాడే చర్యలను అమెరికా హార్ట్ అసోసియేషన్ ఒక గొలుసుగా చూపుతుంది. ఆ గొలుసుకు ఆరవ లంకెగా "కోలుకోవడం" చేరింది 2020లోనే. డిశ్చార్జి అయిన మూడు నెలల లోపు జ్ఞాపకశక్తి, మనోస్థితి, అలసటలను ప్రత్యేకంగా పరీక్షించాలని 2021 నాటి ఐరోపా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మెరుగుదలలో అధిక భాగం తొలి మూడు నెలల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత ఏడాది వరకు నెమ్మదిగా సాగవచ్చు. రెండు నెలలు దాటాయి కనుక ఆ సోదరి ఇప్పుడే న్యూరాలజీ వైద్యుని సమయం తీసుకోవాలి. వెళ్ళేముందు ఒక వారం పాటు నోటుపుస్తకంలో ఆయన ఏం మరచిపోయారో, ఎప్పుడు కోపం వచ్చిందో, ఎంతసేపు నిద్రపోయారో వ్రాసి తీసుకువెళ్ళాలి. గుండె ఎలా ఉందని మాత్రమే అడిగి వైద్యుడు పంపివేయబోతే, ఆ పుస్తకం ముందు పెట్టాలి.

ఆ లేఖ చివర ఆమె తన గురించి ఒకే వాక్యం వ్రాశారు. ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూడడానికి రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారట. ఇటువంటి రోగుల భార్యాబిడ్డలకు కూడా ఆందోళన, నిద్రలేమి రావడం వైద్యులు ఎరిగినదే. న్యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున తన సంగతి కూడా ఆమె చెప్పాలి. ఇక అత్తగారికీ, ఆడపడుచులకూ నాదొక మనవి. వారానికి రెండు రాత్రులు మీలో ఒకరు ఆయన గదిలో పడుకోండి. ఆ రెండు రాత్రులు కోడలిని వేరే గదిలో ఫజర్ వరకు నిద్రపోనివ్వండి.